పాత పీసీలు ఇస్తామంటే డెబియన్ ఎందుకు తీసుకోదు?

గుంటూరు, విజయవాడ కాలేజీల్లో ల్యాబ్ మార్చినప్పుడల్లా పాత పీసీలు ఓ మూల పడి ఉంటాయి. లినక్స్ నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు: "సార్, ఇవి డెబియన్‌కి ఇస్తే ప్యాకేజీలు బిల్డ్ చేసుకుంటారు కదా?" డెబియన్ అంటే వాలంటీర్లు కలిసి తయారుచేసే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. ప్యాకేజీ అంటే అందులో ఇన్‌స్టాల్ చేసుకునే ఒక్కో సాఫ్ట్‌వేర్. మంచి మనసుతో అడిగే మాట. జవాబు కోసం మాత్రం చాలా వెనక్కి వెళ్లాలి.

1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టిన కొత్తలో ఎవరి ప్యాకేజీని వాళ్లే సొంత కంప్యూటర్‌లో కంపైల్ చేసి, అంటే రాసిన కోడ్ (సోర్స్)ని మెషిన్ నడపగల ఫైల్ (బైనరీ)గా మార్చి, పంపేవారు. డెబియన్‌ని ఎం68కే అనే ప్రాసెసర్ల మీదా నడపడం మొదలయ్యాక అది కుదరలేదు. అమీగా, అటారీ, పాత మ్యాక్ కంప్యూటర్లలోని ఈ మోటరోలా ప్రాసెసర్ల కోసం అన్నిటినీ మళ్లీ కంపైల్ చేయాలి. అప్పుడు రోమన్ హోడెక్ బిల్డ్‌డీ అనే ప్రోగ్రామ్ రాశారు. క్యూలోంచి ప్యాకేజీ తీసుకుని కంపైల్ చేసి, ఏం జరిగిందో చెప్పే లాగ్ పంపడం దాని పని. అది నడిచిన మెషిన్లలో వాలంటీర్ల ఇళ్లలోవి చాలా ఉండేవి. పెద్ద ప్యాకేజీకి రోజులు పట్టేది. వాళ్ల ఓపిక మీదే ఇప్పటి వ్యవస్థ నిలబడిందని నేను నమ్ముతాను.

2002లో డెబియన్ 3.0 వచ్చేసరికి ఆర్కిటెక్చర్లు, అంటే అది నడిచే ప్రాసెసర్ రకాలు, 11 అయ్యాయి. ఒక్కటి వెనకబడినా మిగతావాటికీ ఆలస్యమే. 2005 మార్చిలో వాంకూవర్‌లో ఒక ప్రతిపాదన తయారైంది: ఒక్కో ఆర్కిటెక్చర్‌కి వచ్చే ప్యాకేజీలన్నిటినీ రెండుకు మించని బిల్డ్ మెషిన్లతోనే వెనకబడకుండా కంపైల్ చేయగలగాలి, ఇంకొకటి స్పేర్‌గా ఉండాలి. పెద్ద గొడవే జరిగింది. 2007లో డెబియన్ 4.0 ఎం68కే లేకుండానే విడుదలైంది.

వేగం ఒక్కటే కాదు, నమ్మకం ఇంకా పెద్ద సంగతి. 2003 నవంబర్‌లో దొంగిలించిన పాస్‌వర్డ్‌తో డెబియన్ సర్వర్లలోకి చొరబడ్డారు. బిల్డ్ మెషిన్‌లోకే ఎవరైనా దూరితే అక్కడ తయారైన ప్రతి బైనరీనీ అనుమానించాలి. 2019 నుంచి డెవలపర్ సొంతంగా కంపైల్ చేసిన బైనరీని తర్వాతి విడుదలకు తీసుకోవడం మానేశారు. సోర్స్ పంపితే బిల్డ్‌డీ నడిచే మెషిన్లే కంపైల్ చేస్తాయి. అందుకే మెషిన్ డేటా సెంటర్‌లో ఉండాలంటారు. హ్యాంగైతే దూరం నుంచే ఆపి ఆన్ చేయగలగాలి, డిస్క్ పోతే రెండోది అందుకోవాలి, వారంటీ ఉండాలి. మెమరీ సంగతీ ఉంది: క్రోమియం బ్రౌజర్ లాంటివి లింక్ చేసేటప్పుడు, అంటే కంపైల్ అయిన ముక్కలన్నిటినీ ఒక్కటిగా కలిపేటప్పుడు, 4 జీబీ ర్యామ్ ఏ మూలకూ చాలదు.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. ఏసీ లేని గదిలో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట పాత పీసీ రాత్రింబవళ్లు కంపైల్ చేస్తూ ఎన్నాళ్లుంటుంది? 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు కింది అంతస్తులో సామాను ఏమైందో మనం కళ్లారా చూశాం.

అలాగని ఆ పీసీలను పాత సామాన్ల కొట్టుకు వేయక్కర్లేదు. 2013 నుంచి డెబియన్‌లో రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ పని జరుగుతోంది. ఒకే సోర్స్‌ని రెండు చోట్ల కంపైల్ చేస్తే ఒక్క బిట్ తేడా లేకుండా అదే బైనరీ రావాలి. అలా వస్తోందో లేదో సరిచూడటానికి ఈ పాత పీసీలు పనికొస్తాయి: సరిచూసే మెషిన్‌ని ఎవరూ ముందే నమ్మాల్సిన పని లేదు, మధ్యలో ఆగిపోయినా ఎవరి అప్‌డేటూ ఆగదు. పిల్లలకు నేను చెప్పేది ఇదే: చిన్న ప్యాకేజీ ఒకటి పట్టుకోండి, ల్యాబ్‌లో రెండుసార్లు బిల్డ్ చేయండి, తేడా వస్తే అదెక్కడుందో చూపే డిఫోస్కోప్ అనే టూల్‌తో చూసి, డెబియన్‌కి బగ్ రిపోర్ట్ రాయండి.