తొమ్మిదో తరగతిలో కన్యాశుల్కం: ఈ గొడవ ఎక్కడ మొదలైంది?

విజయనగరం పక్కన ఒక ఉన్నత పాఠశాలలో తెలుగు మాస్టారు తొమ్మిది, పది తరగతులకు వారానికి రెండు పీరియడ్లు గురజాడ అప్పారావు నాటకం ‘కన్యాశుల్కం’ చదివిస్తున్నారు. పదో తరగతికి ఆపేయమని హెడ్మాస్టరు చెప్పారు. దాంతో పాత గొడవ మళ్లీ లేచింది. సిలబస్‌లో లేని పుస్తకం ఎందుకన్నది ఒక అభ్యంతరం. నాటకంలో మధురవాణి వేశ్య, గిరీశం అనే మాటకారి పిల్లవాడికి చుట్ట కాల్చడం నేర్పుతాడు, పద్నాలుగేళ్ల వాళ్లకు ఇదేం చదువు అన్నది కొందరు తల్లిదండ్రుల బాధ. ఉత్తీర్ణత శాతం గురించి పైనుంచి వచ్చే ఒత్తిడి మూడోది.

గురజాడ గురించి, నాటకం పుట్టుక గురించి ఈ ఊరికి చెప్పక్కర్లేదు. కాబట్టి నేరుగా 2019 దగ్గరికి వెళ్తాను. నా లెక్కలో ఇప్పటి తగువు అక్కడే మొదలైంది.

అంతకు ముందు కొన్నేళ్లు పదో తరగతిలో ప్రతి సబ్జెక్టుకూ 80 మార్కులు పబ్లిక్ పరీక్షకు, 20 మార్కులు బడిలో జరిగే మూల్యాంకనానికి ఉండేవి. ఆ బడి మార్కుల్లో స్లిప్ టెస్టు, రాత పని, ప్రాజెక్టు పనితో పాటు తెలుగులో పుస్తక సమీక్ష కూడా ఉండేది. పిల్లవాడు ఒక పుస్తకం చదవాలి, తనకేమనిపించిందో సొంత మాటల్లో రాయాలి. చాలా బళ్లలో ఇది సక్రమంగా జరగలేదన్నది నిజం. గైడులో ఉన్న సమీక్షను తరగతి మొత్తం ఎక్కించుకున్న నోటు పుస్తకాలు నేనే దిద్దాను. కొన్ని ప్రైవేటు బళ్లు అందరికీ ఇరవైకి ఇరవై వేసేశాయన్న ఫిర్యాదు కూడా ఉంది. ఆ కారణమే చూపి 2019లో ప్రభుత్వం ఇంటర్నల్ మార్కులు తీసేసింది. బిట్ పేపరు కూడా పోయింది. పరీక్ష మొత్తం 100 మార్కులకు రాయాలన్నారు.

అప్పట్లో చాలామంది సంతోషించారు. ఆ మార్కుల వల్ల పిల్లలకు కలిగిన లాభం కొంచెమే కావచ్చు, టీచరుకు మాత్రం అవే అండ. ఈ పీరియడ్‌లో కథల పుస్తకం ఎందుకని ఎవరైనా అడిగితే, మూల్యాంకనం కోసమని చెప్పగలిగేవాళ్లం. ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగల్లేదు. నేను పనిచేసిన ఒక బడిలో లైబ్రరీ పీరియడ్‌ను ఆ ఏడాదే లెక్కలకు ఇచ్చేశారు. అడిగితే, ‘‘దానికిప్పుడు మార్కులు లేవు కదా మాస్టారూ’’ అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ వెంటనే కోవిడ్ వచ్చింది. 2020, 2021లో పబ్లిక్ పరీక్షలే జరగలేదు. 2021లో గ్రేడ్లు ఇవ్వడానికి బడిలో వేసిన ఫార్మేటివ్ మార్కులే దిక్కయ్యాయి. అలా అవసరానికి పనికొచ్చాయి గానీ, పుస్తక సమీక్ష మాత్రం అంతకు ముందున్న బలంతో తిరిగి రాలేదు.

మొత్తం పుస్తకం చదివించే ఏర్పాటు పదో తరగతిలో అసలు లేకపోలేదు. ఉపవాచకంగా రామాయణం చాలా ఏళ్లుగా ఉంది. అయితే దాని మీద వచ్చే ప్రశ్న ఎలా ఉంటుంది? కొన్ని వాక్యాలిచ్చి సంఘటనల వరుసలో పెట్టమంటారు. అది రాయడానికి కథ తెలిస్తే చాలు, ఎవరు ఏ మాట ఎందుకన్నారో పట్టించుకోనవసరం లేదు.

ఇప్పుడు ఆ మాస్టారు చేస్తున్నదేమిటో చూడండి. నాటకం మొదలయ్యేది విజయనగరం బొంకులదిబ్బ దగ్గర. పూటకూళ్లమ్మకు, అంటే డబ్బు తీసుకుని భోజనం పెట్టే ఆవిడకు, సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకెళ్లి సొంతానికి ఖర్చు చేసుకున్న సంగతి గిరీశం తనంతట తానే చెప్పుకుంటాడు. ఈ ఒక్క మాట మీద ఒక పీరియడ్ గడిచింది. డబ్బు ఎవరిది, ఎవరు నష్టపోయారు, చెప్తున్నవాడి గొంతులో సిగ్గుందా అని అడిగారు. అందరూ నవ్వాక వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి, ‘‘మరి ఆవిడ ఏటి తిన్నాది సార్, ఆ నెలంతా?’’ అందట. గిరీశం మాటలకు నవ్వుతూ నాలుగు తరాలు గడిపిన మనలో ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఎంతమంది?

తర్వాతి పని, సుబ్బిని వెతకడం. కథంతా ఆ పిల్ల పెళ్లి చుట్టూ తిరుగుతుంది. తండ్రి అగ్నిహోత్రావధాన్లు బేరం కుదురుస్తాడు, తల్లి నూతిలో దూకుతుంది, మేనమామ కరటకశాస్త్రి ఎత్తు వేస్తాడు. సుబ్బి ఏ పేజీలో ఉంది, ఎంత మాట్లాడింది, లెక్క పెట్టి రమ్మన్నారు. నిదానంగా చదవడమంటే ఇదే. పెద్ద పెద్ద సాహిత్య పదాలు అక్కర్లేదు, పుస్తకం, పెన్సిలు, తొందరపెట్టని టీచరు ఉంటే జరుగుతుంది.

పుస్తకం పిల్లలకు తగదన్న మాటకు జవాబు గురజాడ 1897 నాటి ఇంగ్లీషు ముందుమాటలోనే ఉంది. విజయనగరం మహారాజా వారు తెప్పించిన జాబితా ప్రకారం అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లు, అంటే ఆడపిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకున్నవి, 1034. ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది. ఏడాది వయసు వాళ్లు ముగ్గురు. విజయనగరం అప్పుడు ఆ జిల్లాలోదే. పోనీ అది పాత కథ అనుకుందామా? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) చూస్తే ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. తొమ్మిదో తరగతి అమ్మాయికి ఇది తెలియని విషయం కాదు. మాట్లాడుకోవడానికి తరగతిలో చోటు దొరకడమే కష్టం.

ఈ ఊళ్లో తెలుగు చదువు మీద తగువు కొత్తేమీ కాదు. పిల్లలు ఏ తెలుగు రాయాలన్న వాదనలో గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అసమ్మతి పత్రం రాశారు. ఆయన ఉద్యోగం మొదలైంది కూడా ఇక్కడి మహారాజా ఉన్నత పాఠశాలలో టీచరుగానే.

హెడ్మాస్టరు వైపు మాట కూడా చెప్పాలి. వంద రోజుల ప్రణాళిక మొదలయ్యాక సాయంత్రం స్టడీ అవర్, రోజూ స్లిప్ టెస్టు, వెనకబడిన పిల్లల మీద ప్రత్యేక శ్రద్ధ, ఇవన్నీ ఆయన మీదే పడతాయి. ఫలితం తగ్గితే మెమో వచ్చేది ఆయనకే. ఆ టెన్షన్ అబద్ధం కాదు.

ప్రస్తుతానికి పదో తరగతికి చదువు ఆగింది, తొమ్మిదో తరగతికి సాగుతోంది. ఆగిపోయిన వాళ్లలో నలుగురైదుగురు బడి వదిలాక వచ్చి తొమ్మిదో తరగతి వాళ్ల పుస్తకాలు అడిగి తీసుకెళ్తున్నారట. వాళ్లు రెండో అంకంలో ఉన్నారు. సుబ్బి లెక్క ఇంకా పూర్తి కాలేదు.