సీమ అంగళ్లలో సూపర్‌హీరో: బొమ్మ మీద హక్కు ఎవరిది?

అనంతపురం క్లాక్ టవర్ చుట్టుపక్కల ఫ్యాన్సీ అంగళ్లలో, తోపుడు బండ్ల మీద స్పైడర్‌మ్యాన్ బనియన్ దొరకని రోజు ఉండదు. స్కూలు బ్యాగు, కంపాస్ బాక్సు, నీళ్ల బాటిలు, రాఖీ, చివరకు పిల్లల చెప్పుల మీద కూడా అదే ఎర్ర ముసుగు. కదిరి తేరుకు పోయినా, కడప పెద్ద దర్గా ఉరుసుకు పోయినా బొమ్మల అంగళ్ల ముందు వేలాడే మాస్కుల వరస ఒకటే. వీటిలో కంపెనీ అనుమతితో తయారైనవి ఎన్ని అని అడిగేవాళ్లు లేరు. అడిగితే అంగడాయన నవ్వి ఊరుకుంటాడు.

మరోపక్క కొన్నేళ్లుగా మన నిర్మాతలూ ‘సినిమాటిక్ యూనివర్స్’ అంటున్నారు. ఒక కథలోని మనిషి ఇంకో కథలో తేలడం, చివర్లో రాబోయే సినిమాకు ఒక కొస వదిలిపెట్టడం ఇప్పుడు మనకూ అలవాటైపోయింది. కానీ ఆ పాత్రల బొమ్మలు సీమ ఊళ్ల అంగళ్లలోకి రావడం అరుదు. హీరోల ఫ్లెక్సీలకు మాత్రం సప్తగిరి సర్కిల్‌లో చోటు చాలదు. అభిమానానికి కొదవ లేదు, కథలకూ లేదు. మరి సరుకు ఎందుకు లేదు?

అమెరికా సంగతి ముందు చూద్దాం. 1938లో జెర్రీ సీగెల్, జో షూస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు, పాతికేళ్లు కూడా నిండనివాళ్లు, సూపర్‌మ్యాన్ మీది హక్కులన్నీ 130 డాలర్లకు రాసిచ్చేశారు. బొమ్మలూ బనియన్లూ సినిమాలూ వచ్చాయి, డబ్బంతా కంపెనీకి పోయింది. ఏళ్ల తరబడి కొట్లాడితే 1975లో ఆ ఇద్దరికీ ఏటా 20 వేల డాలర్ల పింఛను, పాత్ర పక్కన పేరు దక్కాయి. అన్యాయమే. కానీ ఆ అన్యాయం మీదే ఒక వ్యాపారం నిలబడింది. పాత్ర రాసినవాడిది కాదు, వేసినవాడిది కాదు, కంపెనీది. నటుడు మారినా, రచయిత పోయినా ముసుగు మాత్రం కంపెనీ బీరువాలోనే ఉంటుంది.

ఆ ముసుగుకు ఎంత విలువో చాలాకాలం సినిమావాళ్లకే తెలియలేదు. 1977లో స్టార్ వార్స్ తీసినప్పుడు జార్జ్ లూకాస్ బొమ్మల అమ్మకం హక్కులు తన దగ్గరే ఉంచుకుంటానంటే స్టూడియో పెద్దగా పట్టించుకోలేదు. సినిమా ఇంతగా ఆడుతుందని కెన్నర్ అనే బొమ్మల కంపెనీ కూడా అనుకోలేదు. క్రిస్మస్ నాటికి బొమ్మలు తయారు కాలేదు. చివరకు ఖాళీ అట్టపెట్టె అమ్మారు. లోపల ఒక చీటీ ఉంటుంది, దాన్ని పోస్టులో పంపితే కొత్త సంవత్సరంలో బొమ్మలు ఇంటికొస్తాయి. జనం ఆ ఖాళీ పెట్టెనూ కొన్నారు.

స్పైడర్‌మ్యాన్‌ను పుట్టించిన కామిక్స్ కంపెనీ మార్వెల్ కథ ఇంకా విచిత్రం. 1996 డిసెంబరులో ఆ కంపెనీ దివాలా తీసింది. దాన్ని 1998లో కలుపుకుని నిలబెట్టింది టాయ్ బిజ్ అనే బొమ్మల కంపెనీ. అంటే నేటి సూపర్‌హీరో సినిమా సామ్రాజ్యం పగ్గాలు ఒకప్పుడు బొమ్మలమ్మేవాళ్ల చేతిలోకి పోయాయన్నమాట. అదే టాయ్ బిజ్ అమెరికా ప్రభుత్వంతో ఒక కేసు ఆడింది. అప్పట్లో అక్కడ మనిషి రూపం ఉన్న బొమ్మ మీద దిగుమతి సుంకం 12 శాతం, మనిషి కాని బొమ్మ మీద 6.8 శాతం. ఎక్స్‌మెన్ అనే మార్వెల్ హీరోల జట్టు మనుషులు కాదని కంపెనీ వాదించింది, 2003లో గెలిచింది. ‘మేమూ మనుషులమే’ అని కథ పొడుగునా మొత్తుకునే పాత్రలను, సుంకం తగ్గించుకోవడానికి వాటి యజమానే మనుషులు కాదని కోర్టులో నిరూపించింది. ఈ వ్యాపారం లోగుట్టు తెలుసుకోవడానికి ఈ ఒక్క కేసు చాలు.

దివాలాకు ముందూ వెనకా మార్వెల్ తన పేరున్న హీరోలను అమ్ముకుంది. స్పైడర్‌మ్యాన్ సినిమా హక్కులు సోనీకి, ఎక్స్‌మెన్ హక్కులు ఫాక్స్‌కు పోయాయి. మిగిలిన హీరోలతో సొంతంగా సినిమాలు తీయాలనుకున్నప్పుడు చేతిలో డబ్బు లేదు. 2005లో మెరిల్ లించ్ అనే బ్యాంకు ద్వారా 52.5 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. తాకట్టు పెట్టింది పది పాత్రల సినిమా హక్కులను. మన రైతు పట్టాదారు పాస్‌బుక్ బ్యాంకులో పెట్టి పంటరుణం తెచ్చుకున్నట్టే. సినిమాలు ఆడకపోతే కెప్టెన్ అమెరికా లాంటి హీరోలు బ్యాంకు పాలు. ముందుగా ఎవరి సినిమా తీయాలో తేల్చడానికి కొందరు పిల్లల్ని కూర్చోబెట్టి హీరోల చిత్రాలు చూపి, ఏ బొమ్మతో ఆడుకోవాలనుందని అడిగారట. ఎక్కువమంది ఐరన్‌మ్యాన్ అన్నారు. అంతవరకు అతను రెండో వరస హీరో. 2008లో ఆ సినిమా వచ్చింది, చివర్లో నల్ల కంటిపట్టీతో, హీరోలను జట్టు కట్టించే నిక్ ఫ్యూరీ కనబడి పెద్ద కథకు తలుపు తీశాడు. ఆ పాత్రధారి శామ్యూల్ జాక్సన్‌తో ఏకంగా తొమ్మిది సినిమాల ఒప్పందం కుదిరింది. 2009లో డిస్నీ సుమారు 400 కోట్ల డాలర్లకు మార్వెల్‌ను కొనేసింది. 2011లో స్పైడర్‌మ్యాన్ సరుకుల హక్కులు కూడా డిస్నీ కిందికే వచ్చాయి, సినిమా మాత్రం సోనీదే. అంటే క్లాక్ టవర్ దగ్గరి ఆ ఎర్ర బనియన్‌కు ఎవరైనా నిజంగా రాయల్టీ కట్టదలచుకుంటే, సినిమా తీసిన కంపెనీకి కాదు, ఇంకొకరికి కట్టాలి.

మనకు కథల సంత పాతదే

ఒక కథలోని పాత్ర ఇంకో కథలోకి రావడం తెలుగువాళ్లకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. రామాయణంలో సముద్రం దాటిన హనుమంతుడు భారతంలో భీముడి దారికి అడ్డంగా తోక పెట్టి కూర్చుంటాడు, అర్జునుడి రథం మీద జెండాలో ఉంటాడు. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేనే లేదు. చాలదనుకున్న జనమే కథను పెంచుకున్నారు.

ఆ కథలను రంగస్థలం మీద గాల్లో తేల్చినవాళ్లు కూడా సీమ నేల మీదే పుట్టారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచక వధ ఆడిన వనారస కుటుంబాల నుంచే సురభి నాటక సమాజాలు ఎదిగాయి. మాయాబజారును తంత్రాలతో, తాళ్లతో, పొగతో వేదిక మీద చూపించారు. అదే కథను 1957లో తెర మీదికి తెచ్చిన దర్శకుడు కె.వి.రెడ్డి తాడిపత్రి మనిషి. నిర్మాతల్లో ఒకరైన బి.నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడు వారు. చక్రపాణితో కలిసి 1947లో చందమామ మొదలుపెట్టిందీ ఆయనే. కథల్ని ఒకదానికొకటి తగిలించి నెలనెలా అమ్మడం, మాయను తెర మీద చూపడం, ఈ రెంటిలోనూ అనంతపురం, కడప జిల్లాల చెయ్యి ఉంది. ఈ ముక్క మనవాళ్లు తగినంత గొప్పగా చెప్పుకోలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మాయాబజారు కృష్ణుడు అంగళ్లలోకీ వచ్చాడు. ఎన్టీఆర్ కృష్ణుడి క్యాలెండర్లు, పటాలు ఇళ్ల గోడలెక్కాయి, కొన్నిచోట్ల దేవుడి గూట్లోకీ చేరాయి. దాన్ని సినిమా సరుకు అనకపోతే ఇంకేమనాలి? కానీ కృష్ణుడు ఆ సినిమా తీసిన విజయావారి సొత్తు కాదు. ఆ తర్వాత ఎన్టీఆర్ ఎందరో నిర్మాతలకు కృష్ణుడయ్యాడు, ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. జనం కొనుక్కున్నది సగం దేవుణ్ని, సగం నటుణ్ని. నిర్మాత చేతిలో మిగిలింది టికెట్టు డబ్బు.

1980లో ఎన్టీఆరే సూపర్‌మ్యాన్‌గానూ వచ్చాడు. పేరు అమెరికాది, శక్తి ఆంజనేయుడు ఇచ్చింది. ఆ సినిమాను తలచుకునేవాళ్లు ఇప్పటికీ ఎన్టీఆర్‌నే తలచుకుంటారు, ఆ పాత్రకు ఒక పేరుందని కూడా గుర్తుండదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అక్కడ స్పైడర్‌మ్యాన్‌గా ముగ్గురు నటులు మారినా బనియన్ మారలేదు. ఇక్కడ అభిమానం పాత్రకు కాదు, మనిషికి. పైగా మన అభిమానం ఇంట్లో షెల్ఫులో పెట్టుకునేది కాదు, సర్కిల్‌లో నిలబెట్టేది. అభిమాన సంఘం చందా వేసుకుంటుంది, కటౌట్ కడుతుంది, గజమాల వేస్తుంది, పాలాభిషేకం చేస్తుంది, టపాసులు పేలుస్తుంది. బైకు మీద రేడియం స్టిక్కరు వేయించుకుంటుంది. ఆ డబ్బు తక్కువేమీ కాదు. కాకపోతే అది ఫ్లెక్సీ ప్రింటరుకు, పూలంగడికి, టపాసుల కొట్టుకు పోతుంది. నిర్మాణ సంస్థ పద్దులోకి రాదు.

డబ్బింగు వచ్చింది, సరుకు వచ్చింది

1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలైంది. గిర్రున తిరిగే ఆ హీరో దుస్తులు మన ఊళ్ల దాకా వచ్చాయి. అప్పటి పిల్లలకు అదే మొదటి సూపర్‌హీరో సరుకు. తర్వాత హాలీవుడ్ డబ్బింగులు పెరిగాయి. 2007లో స్పైడర్‌మ్యాన్ మూడో భాగం హిందీ, తమిళం, తెలుగుతో పాటు భోజ్‌పురిలో కూడా మాట్లాడింది. 2018లో మార్వెల్ విలన్ థానోస్‌కు తెలుగులో రానా గొంతిచ్చారు. 2019 ఏప్రిల్ 26న మార్వెల్ సినిమా ఎండ్‌గేమ్ నాలుగు భాషల్లో దేశమంతా విడుదలైంది. అధికారిక సరుకు మాత్రం ఆన్‌లైన్‌లోనో, బెంగళూరు మాల్స్‌లోనో దొరుకుతుంది. దాని ధరకు ఇక్కడ ఇంటిల్లిపాదికీ బనియన్లు వస్తాయి. అందుకే డూప్లికేట్ రాజ్యమేలుతోంది. తిరుప్పూరు బనియన్ గుడ్డ, బెంగళూరు హోల్‌సేలు, ఊళ్లోనే హీట్ ప్రెస్ మిషను. ఫొటో స్టూడియోలు కాఫీ మగ్గుల మీద కూడా బొమ్మ వేసిస్తున్నాయి. ఒక్క మగ్గు కావాలన్నా వేస్తారు.

చట్టం లేక కాదు. 1999 ట్రేడ్‌మార్క్ చట్టం ప్రకారం దొంగ గుర్తు వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. మామూలుగా హక్కుదారు కదిలితేనే కేసు కదులుతుంది. తోపుడు బండి మీద కేసు వేస్తే లాయరు ఖర్చు కూడా రాదని వాళ్లకు తెలుసు. ప్లాస్టిక్ బొమ్మల సంగతి వేరు. 2020లో కేంద్రం బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేసింది. చైనా సరుకును ఆపడమే దీని లెక్క తప్ప, ముసుగు ఎవరిదన్న ప్రశ్నతో దీనికి సంబంధం లేదు.

తెలుగునేల మీద పాత్రను సొత్తుగా మలిచి సరుకు అమ్మి గెలిచినవాళ్లు లేకపోలేదు. వాళ్లు సినిమావాళ్లు కాదు. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో ఛోటా భీమ్‌ను టీవీలోకి తెచ్చింది. బ్యాగుల నుంచి బొమ్మల దాకా అమ్మింది. అక్కడ నటుడు లేడు, కటౌట్ లేదు, గీసిన బొమ్మ ఒక్కటే. భీముడి పేరు పురాణానిది, లడ్డూ తినే ఆ కుర్రాడి రూపం కంపెనీది.

హనుమంతుడికి లైసెన్సు ఎవరిస్తారు?

2015లో సుప్రీంకోర్టు ఒక అగరుబత్తుల కేసులో, పవిత్ర గ్రంథం పేరైన ‘రామాయణ్’ను ఏ ఒక్క వ్యాపారీ తన ట్రేడ్‌మార్క్‌గా సొంతం చేసుకోలేడని తేల్చింది. మన నిర్మాతలు కడుతున్న యూనివర్సుల పునాది మాత్రం పురాణమే. 2024 సంక్రాంతికి హనుమాన్ వచ్చింది. పెద్ద హీరో లేడు, అంజనాద్రి అనే కల్పిత ఊరు, దేవుడి శక్తి దొరికిన ఒక మామూలు కుర్రాడు. నటుణ్ని చూసి కాదు, పాత్రను చూసి జనం వెళ్లిన అరుదైన సందర్భం అది. దర్శకుడు ప్రశాంత్ వర్మ దాన్ని తన యూనివర్సుకు తొలి మెట్టు అన్నాడు. సరుకుకు ఇంతకంటే మంచి అదను ఉండదు. కానీ గుంతకల్లు దగ్గర కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి గుడి ముందు అంగళ్లలో ఆంజనేయుడి లాకెట్లు, పటాలు, కీచైన్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. సినిమావాళ్లు తాము గీయించిన రూపం మీద కాపీరైట్ చెప్పుకోవచ్చు, దేవుడి మీద చెప్పుకోలేరు. లాకెట్టు కొనే భక్తుడికి ఆ తేడాతో పనీ లేదు.

అదే ఏడాది జూన్ 27న వచ్చిన కల్కి వాళ్లు ఇంకో దారి పట్టారు. అశ్వత్థామ అందరివాడు, బుజ్జి అనే కారు మాత్రం వాళ్లది. మహీంద్రా, కోయంబత్తూరు జయం మోటార్స్ సాయంతో దాన్ని నిజంగానే తయారుచేసి ఊరూరా తిప్పారు. సినిమాకు ముందే పిల్లల కోసం యానిమేషన్ సిరీస్ వదిలారు. పురాణంలో లేని వస్తువును కల్పించి దాన్ని ముందుకు తోయడం తెలివైన పని అని నా అభిప్రాయం.

నటుడి మొహం ఉన్న బొమ్మకు ఇంకో చిక్కు ఉంది. పంజాబీ గాయకుడు దలేర్ మెహందీలా ఉండి ఆయనలా పాడే బొమ్మలు అమ్ముతున్న అంగళ్ల మీద 2010లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. 2025 సెప్టెంబరులో చిరంజీవి తన పేరు, రూపం వాడకుండా హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి ఉత్తర్వు తెచ్చుకున్నారు. ఇకమీదట హీరో బొమ్మ చేయాలంటే నిర్మాత హక్కు ఒక్కటే చాలదు, హీరో సంతకమూ కావాలి. ఇద్దరు హీరోలున్న సినిమా అయితే ఎవరి బొమ్మ పెద్దది ఉండాలో తేల్చడం ఇంకో పంచాయితీ. ఒకే సర్కిల్‌లో రెండు ఫ్లెక్సీల ఎత్తు మీద తగాదాలు చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు.

ఎవరికీ చెందని పాత్రతో సరుకు చేసి చట్టం దగ్గర తమ చేతిపనికి గుర్తింపు తెచ్చుకున్నవాళ్లు మాత్రం ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో ఉన్నారు. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. మేకతోలు మీద హనుమంతుణ్ని, రావణుణ్ని కోసి రంగులద్ది ఆడించిన కుటుంబాలు, ఆటకు పిలుపులు తగ్గాక అదే తోలుతో దీపాల గుమ్మటాలు, గోడ బొమ్మలు చేస్తున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 2020 చివర్లో బొమ్మల నాణ్యత ఉత్తర్వును సవరించినప్పుడు అలాంటి గుర్తింపు ఉన్న సరుకుకు, నమోదైన చేతివృత్తులవాళ్లకు ఐఎస్ఐ గుర్తు నుంచి మినహాయింపు ఇచ్చారు. ఆ బొమ్మలు లేపాక్షి షోరూముల్లో, ప్రదర్శనల్లో అమ్ముడవుతున్నాయి. అందులో ఆంజనేయుడికి రాయల్టీ అడిగేవాళ్లు లేరు.