మతాచార్యుడు సాక్ష్యం చెప్పిన బూతుమాట

1977 నవంబరులో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ న్యాయస్థానం ఒక బూతుమాట సంగతి తేల్చడానికి కూర్చుంది. సెక్స్ పిస్టల్స్ అనే పంక్ రాక్ సంగీత బృందం అంతకు ముందు నెలలో విడుదల చేసిన ఆల్బమ్ పేరులో ‘బొలక్స్’ అన్న మాట ఉంది. ఆ పేరు కనిపించేలా దుకాణం అద్దాల వెనక పెట్టినందుకు ఒక రికార్డుల దుకాణం మేనేజరుపై కేసు పెట్టారు. అందుకు పోలీసులు వెతికి తీసిన చట్టం 1889 నాటిది!

మాటకు అసలు అర్థం వృషణాలు. నేటి బ్రిటన్ వాడుకలో మాత్రం ‘శుద్ధ అబద్ధం’, ‘చెత్త’ అనే అర్థమే ఎక్కువ. ఎదుటివాడి వాదన మొత్తాన్నీ ఈ ఒక్క మాటతో కొట్టిపారేయవచ్చు. దానికి ముందు ‘కుక్క’ను చేరిస్తే తిట్టు కాస్తా పొగడ్త అవుతుంది. ‘కుక్క వృషణాలు’ అంటే అంతకు మించినది లేదని!

పుట్టినప్పుడు దీనికి ఏ మచ్చా లేదు. పాత ఇంగ్లీషులో అది ఒక అవయవం పేరు, అంతే. 14వ శతాబ్దంలో జాన్ విక్లిఫ్ పేరుతో వచ్చిన బైబిల్ అనువాదంలో, బలికి పనికిరాని పశువుల ప్రస్తావన వచ్చే లేవీయకాండం 22వ అధ్యాయంలో, ఈ మాటే ఉంది. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ బైబిల్‌కు సంకోచం పట్టుకుంది. ఆ అవయవాన్ని చెప్పవలసిన చోట ‘రాళ్లు’ అని సరిపెట్టింది.

పిడి మొదట్లో రెండు గుండ్రటి బుడిపెలున్న మధ్యయుగపు బాకును కూడా జనం ఈ పేరుతోనే పిలిచారు. 1545లో మునిగిన మేరీ రోజ్ యుద్ధనౌకలో ఇలాంటి బాకులు చాలా దొరికాయి. విక్టోరియా కాలపు పండితులు సిగ్గుపడి దాన్ని ‘మూత్రపిండాల బాకు’గా మార్చారు. ఆ పిడిని చూసినవారికి మూత్రపిండాలు గుర్తురావడం కష్టమే.

నాటింగ్‌హామ్‌లో మేనేజరు తరఫున వాదించిన జాన్ మార్టిమర్, సాక్షిగా జేమ్స్ కిన్స్‌లీని పిలిపించారు. ఆయన అక్కడి విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ఆచార్యుడు, పైగా ఆంగ్లికన్ మతాచార్యుడు. ఈ మాట వెయ్యేళ్ల నాటిదనీ, ఒకప్పుడు మతగురువులకు మారుపేరుగా ఉండేదనీ, వారి ప్రసంగాల పుణ్యమా అని ‘అర్థంలేని మాటలు’ అనే అర్థం వచ్చిందనీ ఆయన బోనులో నిలబడి చెప్పారు. ఈ చివరి ముక్కను భాషావేత్తలందరూ నమ్మకపోవచ్చు. కానీ తన వృత్తివారినే బలిపెట్టిన సాక్షిని కాదనడం ఎవరి తరం?

లాభాల కోసం మనుషుల హీనప్రవృత్తులను రెచ్చగొడుతున్నారని న్యాయపీఠం మేనేజరును, ఆ దుకాణం నడిపే కంపెనీని గట్టిగా చీవాట్లు పెట్టి, ఇష్టం లేకుండానే నాలుగు అభియోగాలనూ కొట్టివేసింది. ఆల్బమ్ అప్పటికే బ్రిటన్ అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరింది.