బాల్ పైథాన్‌కు లెక్క ఉంది, ఎర్రచెవి తాబేలుకు లేదు

విదేశీ జంతువును ఇంట్లో పెంచుకోవడం నేరమా కాదా? ఈ ప్రశ్నకు మన దేశంలో ఏళ్ల తరబడి సూటి జవాబు లేకపోవడానికి మూలం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఉంది. దాని షెడ్యూళ్లు, అంటే రక్షణ ఉన్న జీవుల పట్టికలు, మన అడవుల్లోని జీవుల కోసం రాసినవి. 2002 సవరణ నిర్వచనాన్ని ఇంకా బిగించింది: వన్యజంతువు అనాలంటే షెడ్యూల్లో పేరూ ఉండాలి, ప్రకృతిలో స్వేచ్ఛగా బతికేదీ అయి ఉండాలి. దాంతో దుకాణంలో నక్షత్ర తాబేలు కనిపిస్తే అటవీ అధికారి కేసు పెట్టగలడు. పక్క గాజుపెట్టెలో దక్షిణ అమెరికా ఇగువానా ఉంటే ఆ చట్టంతో చేయగలిగిందేమీ లేకపోయింది.

మిగిలింది కస్టమ్స్ చట్టం. బ్యాంకాక్ విమానంలో వచ్చిన సూట్‌కేసులో పాములు దొరికితే నేరం అక్కడికక్కడే తేలుతుంది. అదే పాము ఊళ్లోకి చేరాక పట్టుకోవడం కష్టం. 1962 కస్టమ్స్ చట్టం 123వ సెక్షన్ కింద 'ఇది దొంగసరుకు కాదు' అని యజమానే రుజువు చేసుకోవాల్సింది బంగారం, గడియారాలు, నోటిఫై చేసిన మరికొన్నిటి విషయంలోనే. పెంపుడు జంతువులు ఆ కోవలోకి రావు. 'ఇక్కడే పుట్టిన పిల్ల' అని యజమాని అంటే, కాదని నిరూపించే భారం కస్టమ్స్ శాఖదే.

2020 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన అడ్వైజరీ ఈ ఖాళీ పూడ్చబోయి మరో రెండు సందులు తెరిచింది. తమ దగ్గరున్న విదేశీ జీవులను ఆరు నెలల్లోగా పరివేశ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ప్రకటిస్తే, జంతువు ఎక్కడిదో చెప్పే కాగితాలు అడగబోమంది. పైగా విదేశీ జీవి అంటే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం మూడు అనుబంధాల్లో ఉన్నదేనని నిర్వచించింది. సైటిస్ చూసేది అంతర్జాతీయ వ్యాపారం వల్ల ఏ జాతికి ముప్పు అన్నది. మన చెరువులకు ఏది చేటో చూడటం దాని పని కాదు. అందుకే బాల్ పైథాన్ అనే విదేశీ పాము లెక్కలోకి వచ్చినా, షుగర్ గ్లైడర్ అనే చిన్న జంతువు, కార్న్ స్నేక్ అనే పాము, చెరువులో వదిలితే దేశవాళీ తాబేళ్ల తిండికీ చోటుకీ పోటీకొచ్చే ఎర్రచెవి తాబేలు బయటే ఉండిపోయాయి. ఉత్తర బెంగాల్‌లో 2022లో రోడ్డు పక్కన కంగారూలు దొరికాయి. ఎర్ర కంగారూ కూడా సైటిస్‌లో లేదు.

చిలుకల దగ్గర చిక్కు మరీ ఎక్కువ. సైటిస్ ఆ వర్గం మొత్తాన్నీ పట్టికలో పెట్టి నాలుగింటిని మినహాయించింది: బడ్జీ, కాకటీల్, రోజీ ఫేస్డ్ లవ్‌బర్డ్, రామచిలుక. ఒకే పంజరంలో రెండు లవ్‌బర్డ్స్ ఉంటే, కంటి చుట్టూ తెల్లవలయమున్న ఫిషర్స్ పట్టికలో ఉన్నట్టు, రోజీ ఫేస్డ్ లేనట్టు. సైటిస్ వదిలేసిన రామచిలుకను పంజరంలో పెడితే మాత్రం 1972 చట్టం కింద కేసే.

2022 సవరణ సైటిస్ పట్టికను షెడ్యూల్ 4గా చట్టంలోకి తెచ్చింది. 49ఎం సెక్షన్ కింద 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నియమాలు జంతువుల నమోదుకు పాత యజమానులకు ఆరు నెలలు, ఆ తర్వాత తెచ్చుకున్నవారికి 30 రోజుల గడువిచ్చాయి. మంచి అడుగే. అయితే 2020లో ప్రకటించిన జంటకు ఏటా పిల్లలు పుట్టినట్టు రాసి, దొంగచాటుగా తెచ్చినవాటిని ఆ లెక్కలో కలిపేయడం కాగితం మీద తేలిక. పక్షుల్లో దీన్ని పట్టించేది కాలికి తొడిగే, అతుకు లేని క్లోజ్డ్ రింగు. గూటిపిల్లకు మొదటి రెండు వారాల్లోనే అది పాదం మీదుగా ఎక్కుతుంది. వేళ్లు పెరిగాక ఎక్కదు. పెద్ద పక్షి కాలికి కోసి అతికించిన రింగు ఉంటే అనుమానించాల్సిందే. పాములకైతే మైక్రోచిప్ వేయాలి, సందేహం వస్తే తల్లీపిల్లల డీఎన్‌ఏ పోల్చాలి.

పట్టికకు బయట ఉన్నవాటికి అదే సవరణ 62ఏ సెక్షన్ తెచ్చింది. మన వన్యప్రాణులకు ముప్పు తెచ్చే విదేశీ ఆక్రమణ జాతుల దిగుమతిని, వ్యాపారాన్ని, ఇంట్లో ఉంచుకోవడాన్ని కేంద్రం నిషేధించవచ్చు. జాతి పేరుతో ఉత్తర్వు ఇస్తేనే ఆ సెక్షన్‌కు బలం. అందులో ముందుగా ఉండాల్సిన పేరు ఎర్రచెవి తాబేలుదే.