స్కూబీ డూలో దెయ్యం ఎప్పుడూ మాస్కేనా? ఒక స్టోరీబోర్డ్ ఆర్టిస్ట్ చెప్పే అపోహలు - వాస్తవాలు

పోయిన దసరా సెలవుల్లో రాత్రి పదకొండున్నరకి మా అక్క ఫోన్ చేసింది. వాళ్ళ బాబుకి ఐదేళ్ళు. పడుకోవట్లేదు, లైట్ తీస్తే ఏడుపు, బాత్రూంకి కూడా ఒక్కడే వెళ్ళనంటున్నాడంట. ఏం చూశాడక్కా అంటే, "నువ్వే కదే చెప్పావ్, స్కూబీ డూ పెట్టొచ్చు, చివర్లో మాస్క్ తీసేస్తారు, అందరూ మనుషులే అని. అందుకే ధైర్యంగా పెట్టి వంటింట్లోకి వెళ్ళా. ఇందులో మాస్క్ తియ్యలేదే!" అంది. ఏది పెట్టావ్ అని అడిగితే, జాంబీ ఐలాండ్.

పాపం అక్క తప్పేం లేదు. స్కూబీ డూ అంటే, స్కూబీ అనే కుక్క, ఫ్రెడ్, డాఫ్నీ, వెల్మా, షాగీ అనే నలుగురు స్నేహితులు వ్యాన్‌లో తిరుగుతూ దెయ్యాల గుట్టు విప్పే అమెరికన్ కార్టూన్. నేను చెప్పింది 1969 సిరీస్ గురించి, తను పెట్టింది 1998లో వచ్చిన సినిమా. కుక్క అదే, వ్యాన్ అదే, పేరు అదే, పని ఒత్తిడిలో ఉన్న అమ్మకి తేడా ఎలా తెలుస్తుంది చెప్పండి.

నేను హైదరాబాద్‌లో పదహారేళ్ళుగా కార్టూన్లకి స్టోరీబోర్డులు వేస్తున్నా, అంటే ప్రతి షాట్‌నీ ముందే కాగితం మీద బొమ్మలుగా గీసే పని, వీకెండ్స్‌లో నేర్పిస్తా కూడా. స్కూబీ మీద నేనెప్పుడూ పని చెయ్యలేదు కానీ ఈ ఫీల్డ్‌లో అది చూడకుండా ఎదిగినవాళ్ళు తక్కువ. కొత్త సీక్వెల్ ఏది వచ్చినా క్లాసులో, ఆఫీసు క్యాంటీన్‌లో, చివరికి పెళ్ళిళ్ళలో కూడా నన్ను పట్టుకుని అవే మాటలు అంటుంటారు, వాటిల్లో ఒకటి మాత్రం నిజంగా నష్టం చేస్తోంది. దాని గురించే ఎక్కువ రాస్తా, మిగతావి గబగబా చెప్పేస్తా.

అపోహ: స్కూబీ డూ అంటే దెయ్యం ఎప్పుడూ మాస్కే. నిజం దెయ్యాలు పెట్టడం ఈమధ్య వచ్చిన పైత్యం, దాంతోనే పాడైపోయింది.

వాస్తవం: మాస్క్ అనే రూల్ గట్టిగా నిలబడింది మొదటి సిరీస్‌లో. 1969 సెప్టెంబర్ 13న అమెరికాలో సీబీఎస్ టీవీ ఛానెల్‌లో మొదలై రెండు సీజన్లలో 25 ఎపిసోడ్లు వచ్చాయి, వాటిల్లో దెయ్యం వెనక మనిషే ఉంటాడు. అంతవరకు నిజం. కానీ 1980ల మొదట్లో వచ్చిన ఏడేసి నిమిషాల షార్ట్స్‌కే నిజం రాక్షసులు వచ్చేశారు. 1985లో "13 ఘోస్ట్స్" సిరీస్ మొత్తం పెట్టెలోంచి తప్పించుకున్న నిజం దెయ్యాలని తిరిగి పట్టుకునే కథే, అందులో మంత్రగాడికి హారర్ సినిమాల నటుడు విన్సెంట్ ప్రైస్ గొంతిచ్చాడు. 1987లో బూ బ్రదర్స్, 1988లో ఘూల్ స్కూల్ అనే స్కూబీ సినిమాలు, అన్నీ నిజం దెయ్యాలే. అంటే మీరు "ఈమధ్య" అంటున్న సంగతికి నలభై ఏళ్ళు దాటాయి. నాకంటే పెద్దది.

అసలు మాస్క్ ఎందుకు పెట్టారో తెలిస్తే ఈ గొడవ సగం తగ్గుతుంది. 1960ల చివర్లో శనివారం పొద్దున వచ్చే సూపర్‌హీరో కార్టూన్లలో కొట్టుకోవడాలు ఎక్కువైపోయాయని అక్కడి తల్లిదండ్రుల సంఘాలు గొడవ చేశాయి. సీబీఎస్‌లో కార్యక్రమాలు చూసుకునే ఫ్రెడ్ సిల్వర్‌మన్‌కి హింస లేని షో కావాలి, హానా-బార్బేరా స్టూడియోలో జో రూబీ, కెన్ స్పియర్స్ అనే ఇద్దరు రైటర్లు దీన్ని తయారుచేశారు. మొదటి వెర్షన్‌ని మరీ భయంగా ఉందని పైవాళ్ళు వెనక్కి పంపారు. అప్పుడు భయం తగ్గించి, కామెడీ పెంచి, కుక్కని ముందుకి తెచ్చారు. అంటే అప్పట్లో పిల్లలు భయపడతారేమో అన్న బెంగే ఇవాళ మనం "ఒరిజినల్" అంటున్న దాన్ని తయారుచేసింది. మా అక్క బెంగా అదే. అందుకే ఆ రాత్రి నాకు తన మీద విసుగు రాలేదు, "స్కూబీ కదా, ఏదైనా పెట్టొచ్చు" అని ఒక్క ముక్కలో చెప్పేసిన నా మీదే బాధేసింది.

ఇంక జాంబీ ఐలాండ్ సంగతి. జపాన్‌లో మూక్ స్టూడియో యానిమేషన్ చేసింది, ఈసారి దెయ్యాలు నిజం అని ప్రచారంలోనే చెప్పుకున్నారు. లూసియానాలో ఒక ద్వీపానికి వెళ్తారు, జాంబీ దొరుకుతుంది, ఫ్రెడ్ అలవాటుగా మాస్క్ అనుకుని లాగుతాడు, తల ఊడి చేతికొస్తుంది. ఆ షాట్ నేను క్లాసులో ప్రతి బ్యాచ్‌కీ చూపిస్తా. ఎందుకంటే పాత ఎపిసోడ్లన్నిటిలో మాస్కులు తీసి తీసి మనకి అలవాటు చెయ్యకపోతే ఆ తల ఊడటానికి విలువే లేదు, అది మామూలు హారర్ షాట్ అయిపోయేది. పాతదాన్ని చెడగొట్టిందనే సినిమా పాతదాని భుజాల మీదే నిలబడింది. "నిజం దెయ్యాలున్నవి నేను చూడను" అని దీన్నీ, 2010 నుంచి 2013 వరకు వచ్చిన మిస్టరీ ఇన్‌కార్పొరేటెడ్ సిరీస్‌నీ పక్కన పెట్టేసిన పిల్లలు నా క్లాసులో చాలామంది ఉన్నారు. ఆ 52 ఎపిసోడ్లు వరసగా చూడండి, మధ్యలోంచి చూస్తే ఏం అర్థం కాదు. ఊరికి దెయ్యాలున్నాయని చెప్పుకుని టూరిస్టుల్ని రప్పించుకునే ఊరు, ఆ ఊరి కింద పాతుకుపోయిన పాత పాపం, ఇంత ఓపికగా కట్టిన కథ పిల్లల కార్టూన్‌లో నేను తక్కువ చూశా.

అలాగని మాస్కే ఇష్టం అనేవాళ్ళని నేను తప్పుపట్టను, నాకూ అదే ఎక్కువ ఇష్టం. ప్రతి దెయ్యం వెనకా ఒక ఆస్తి గొడవో, దొంగ సరుకో, దాచిన డబ్బో ఉంటుంది. చిన్నప్పుడు విజయవాడలో పక్కింట్లో కేబుల్ ఉండేది, కార్టూన్ నెట్‌వర్క్ రాత్రయ్యేసరికి ఆగిపోయి టీఎన్‌టీలో ఇంగ్లీష్ సినిమాలు మొదలయ్యేవి, ఈలోపే చూసేయాలి. మాకు ఇంగ్లీష్ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కానీ మాస్క్ ఊడగానే మా తాతయ్య "చూశావా, దెయ్యం కాదు, మనిషే" అనేవాడు, ఆ మాటతో చీకట్లో పెరట్లోకి వెళ్ళే ధైర్యం వచ్చింది నాకు. ఆ ఇష్టం నిజం. "నిజం దెయ్యాలున్నవి స్కూబీయే కాదు" అన్నది మాత్రం నిజం కాదు.

ఇదే అపోహకి ఇంకో ముఖం ఉంది, అది మరీ ప్రమాదం: స్కూబీ గ్యాంగ్ కనిపిస్తే పిల్లల షోనే అనుకోవడం. 2023 జనవరిలో హెచ్‌బీఓ మ్యాక్స్‌లో వచ్చిన "వెల్మా" పెద్దవాళ్ళది, పిల్లలకి కాదు. మొదటి ఎపిసోడ్‌లోనే స్నానాల గది సీన్, హత్య. నా స్టూడెంట్ వాళ్ళ నాన్నగారు ఒకాయన, మన ఇండియన్ అమ్మాయి హీరోయిన్ అంట కదమ్మా అని సంతోషంగా మూడో క్లాసు పాపతో కూర్చుని పెట్టారు, రెండు నిమిషాల్లో టీవీ కట్టేశారు. ఆయన ఇబ్బంది నాకు అర్థమైంది, బొమ్మలు చూసి నమ్మారు, అంతే. రేటింగ్ చూడండి, ఏ సంవత్సరందో చూడండి, మొదటి పది నిమిషాలు మీరు ఒక్కరే చూడండి.

ఆ షోని జనం తిట్టింది చాలా ఉంది. వెల్మాని దక్షిణాసియా అమ్మాయిగా మార్చడమే తప్పు అనేవాళ్ళతో నేను అస్సలు ఒప్పుకోను, తనకి మిండీ కేలింగ్ ఇచ్చిన గొంతు నాకు బాగానే అనిపించింది. నాకు నచ్చనిది, ఆ కథకి తన పాత్రల మీదే ప్రేమ లేకపోవడం. ఇంక ఆ షోలో కుక్క ఎందుకు లేదంటే, ఆర్టిస్టులకి స్కూబీ అంటే పడక తీసేశారని పుకారు. కాదండీ. కుక్కని వాడొద్దని స్కూబీ హక్కులున్న వార్నర్ వాళ్ళే చెప్పారని షో తయారుచేసిన చార్లీ గ్రాండీయే బయటికి చెప్పాడు.

అపోహ: కొత్తవి పాడు చేసింది ఆర్టిస్టులే.

ఇది వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. బోర్డు ఆర్టిస్ట్ చేతికి వచ్చేసరికి స్క్రిప్ట్ లాక్ అయిపోయి ఉంటుంది, మోడల్ షీట్లు (పాత్రలు ఎలా ఉండాలో చూపే బొమ్మలు) వచ్చేసి ఉంటాయి, దెయ్యం నిజమా మాస్కా, ఎవరు ఎవర్ని ప్రేమిస్తారు, కుక్క ఉంటుందా లేదా, అన్నీ పైన తేలిపోయి ఉంటాయి. మన చేతిలో ఉండేది షాట్, పోజు, టైమింగ్. యానిమాటిక్ (బోర్డులన్నీ వరసగా పేర్చి చేసిన కచ్చా వీడియో) మీద క్లయింట్ నోట్స్ వస్తే అవీ దిద్దాల్సిందే. ఇరవై రెండేళ్ళ పిల్ల తెర మీద మొదటిసారి తన పేరు పడ్డ స్క్రీన్‌షాట్ సంతోషంగా పెట్టుకుంటే దాని కింద తిట్లు పెట్టినవాళ్ళని చూశా నేను. ఆ పిల్ల రెండు నెలలు పెన్ ముట్టలేదు.

2022 ఆగస్టులో స్కూబ్ హాలిడే హాంట్ అనే స్కూబీ సినిమాని దాదాపు పూర్తయ్యాక వార్నర్ వాళ్ళు ఆపేశారు, బ్యాట్‌గర్ల్ అనే ఇంకో సినిమాతో పాటు. మ్యూజిక్ రికార్డింగ్‌కి ముందే డబ్బు కట్టేసి ఉండటంతో ఆ టీమ్ వెళ్ళి, ఎవరూ చూడని సినిమాకి సంగీతం రికార్డ్ చేసుకొచ్చింది. అది చదివిన రోజు నేను పని చెయ్యలేకపోయా. నాకూ జరిగింది, చిన్న స్థాయిలో. ఒక సిరీస్‌కి పద్నాలుగు నెలలు బోర్డులు వేశాం, ఒక సోమవారం పొద్దున ఆపెయ్యమన్నారు, ఎందుకో చెప్పలేదు. ఆ ఫైళ్ళు చూపించుకునే హక్కు కూడా మాకు లేదు.

మిగతావి త్వరగా. స్కూబీ మేనల్లుడు స్క్రాపీ డూ అనే కుక్కపిల్ల వచ్చి షోని చంపేశాడంటారు, కాదు, 1979లో, అప్పటికి షో వేస్తున్న ఏబీసీ ఛానెల్ దాన్ని ఆపేసే ఆలోచనలో ఉంటే వాడు వచ్చాకే రేటింగ్స్ పెరిగాయి, మీకు వాడు నచ్చకపోవడం వేరే సంగతి. పాత గొంతులన్నీ తీసేశారన్నదీ తప్పే, ఫ్రాంక్ వెల్కర్ 1969లో ఫ్రెడ్‌కి చెప్పడం మొదలుపెట్టి, 2002 నుంచి స్కూబీకి కూడా చెప్తున్నాడు. ఒరిజినల్‌లో బొమ్మలు గొప్పగా కదిలేవనేది కూడా జ్ఞాపకం చేసే మాయ. అది చౌకగా చేసిన లిమిటెడ్ యానిమేషన్, అవే బ్యాక్‌గ్రౌండ్లు, అవే పరుగులు. గొప్పతనం డిజైన్‌లో ఉంది. స్కూబీ బొమ్మని డిజైన్ చేసిన ఇవావో తకమోటో, గ్రేట్ డేన్ జాతి కుక్కల్ని పెంచే మనిషిని అడిగి మంచి కుక్కకి ఏమేం ఉండాలో తెలుసుకుని, అన్నీ తలకిందులు చేసి గీశాడు: వంకర కాళ్ళు, జారిన వీపు, రెండు గడ్డాలు. యాభై ఏళ్ళు దాటినా నీడ చూసి గుర్తుపట్టేస్తాం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలో జపాన్ మూలాలవాళ్ళని నిర్బంధించిన శిబిరంలో బొమ్మలు గియ్యడం నేర్చుకున్న మనిషి ఆయన, మా క్లాసులో ఇది తప్పకుండా చెప్తా.

మా అక్క బాబు సంగతి చెప్పలేదు కదా. ఆ ఆదివారం విజయవాడ వెళ్ళా. వాడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ జాంబీని గుండ్రంగా మొదలుపెట్టి గీసి చూపించా, ముందు కోడిగుడ్డు, తర్వాత రెండు గుంటలు, తర్వాత చిరిగిన చొక్కా. కథలో ఆ జాంబీలు మనల్ని కాపాడ్డానికే వచ్చారని కూడా చెప్పా, అది నిజమే. వాడు దానికి పచ్చ రంగు వేసి, చొక్కాకి ఎర్ర గుండీలు పెట్టాడు. రాత్రి లైట్ తియ్యమన్నాడు గానీ తలుపు మాత్రం కొంచెం తెరిచి ఉంచమన్నాడు. నేను బయల్దేరుతుంటే అక్క గుమ్మం దగ్గర, "ఇంతకీ ఇప్పుడు ఏది పెట్టమంటావే?" అని అడిగింది. కాగితం తీసుకుని సంవత్సరాలతో సహా రాసిచ్చా, పైన 1969 మొదటి సీజన్, దాని కింద 2002లో మొదలైన వాట్స్ న్యూ స్కూబీ డూ సిరీస్.