పదేళ్లు వస్తుందనుకున్న ఫ్యాను పాతికేళ్లు ఎలా తిరుగుతుంది?

మా ఇంట్లో ఒక సీలింగ్ ఫ్యాను ఉంది, బిగించి పాతికేళ్లు దాటింది. ఈ మధ్య బాగా నెమ్మదించింది. రెగ్యులేటర్ 5 మీద పెట్టినా 2 మీద ఉన్నట్టే తిరిగేది, కరెంటు పోయి వస్తే దానంతటది మొదలయ్యేది కాదు, కర్రతో రెక్కను కాస్త తోస్తే అప్పుడు అందుకునేది. "దీని పని అయిపోయింది, కొత్తది కొనేద్దాం" అన్నారు ఇంట్లో. మెయిన్ ఆపేసి, రాడ్డు పైనుండే గిన్నె కిందికి జరిపి చూస్తే అక్కడ చిన్న కండెన్సర్, అంటే కెపాసిటర్ ఉంది. దాని మీద దాని సామర్థ్యం 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంది, మీటరు పెడితే 1.3 చూపించింది. కొత్తది వేశాక ఫ్యాను మొదట్లో తిరిగినంత జోరుగా తిరిగింది. మొత్తం ఫ్యానులో పాడైంది అదొక్కటే.

ఆ కండెన్సర్ ముసలిదయ్యే తీరు నాకు చాలా ఇష్టమైన సంగతి. లోపల పలుచని ప్లాస్టిక్ పొర చుట్టలా చుట్టి ఉంటుంది, ఆ పొర మీద ఇంకా పలుచగా లోహపు పూత ఉంటుంది. ఎక్కడైనా పొర బలహీనపడి చిన్న మెరుపు పుట్టిందనుకోండి, ఆ వేడికి ఆ చుట్టూ ఉన్న పూత ఆవిరైపోయి, చెడిన చోటు మిగతా భాగం నుంచి విడిపోతుంది, కండెన్సర్ ఏమీ జరగనట్టు పనిచేస్తూ ఉంటుంది. అంటే తన గాయాన్ని తనే మాన్పుకుంటుంది, కానీ మానిన ప్రతిసారీ సామర్థ్యం ఒక్క పిసరు తగ్గుతుంది. అలా ఏళ్ల తరబడి తగ్గీ తగ్గీ, మోటారులోని రెండో వైండింగ్‌కు (తీగ చుట్టకు) అందాల్సిన కరెంటు అందక, ఫ్యాను నీరసిస్తుంది.

మరి బేరింగులు? పాతికేళ్లు తిరిగి అవి అరిగిపోలేదా? ఇక్కడే "ఆయుష్షు" అనే మాటకు ఇంజనీర్లు చెప్పే అర్థం తెలుసుకోవాలి. బేరింగ్ ఆయుష్షు అని కంపెనీ ఇచ్చే అంకె, ఒకే రకం బేరింగులు ఓ గుంపును ఒకే బరువు కింద తిప్పితే అందులో నూటికి 10 పాడయ్యే సమయం. అప్పటికి ఇంకా 90 బాగానే తిరుగుతుంటాయి, సగం పాడవడానికి అంతకు దాదాపు ఐదు రెట్లు పడుతుంది. కాబట్టి "గడువు దాటి" తిరగడం బేరింగులకు మామూలు విషయం. ఆ అంకె గుంపు గురించి చెప్పేది, మీ ఇంట్లో ఉన్న ఒక్కదాని గురించి అది చెప్పగలిగింది చాలా తక్కువ.

ఇంకో సంగతి ఉంది, నా లెక్కలో అసలు రహస్యం ఇదే. 1947లో స్వీడన్ ఇంజనీర్లు లుండ్‌బర్గ్, పామ్‌గ్రెన్ స్థిరపరిచిన సిద్ధాంతం ప్రకారం, బాల్ బేరింగ్ మీద బరువు సగానికి తగ్గిస్తే ఆయుష్షు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. పదో వంతుకు తగ్గిస్తే వెయ్యి రెట్లు. సీలింగ్ ఫ్యాను బరువు నాలుగైదు కిలోలు, అందులోని బేరింగులు మోయగలిగింది వందల కిలోలు. కాగితం మీద లెక్క కడితే వేల సంవత్సరాలు వస్తుంది! నిజంగా అన్నేళ్లు రాదు, ఎందుకంటే లోపలి గ్రీజు ఎండిపోతుంది, దుమ్ము చేరుతుంది, అప్పుడు ఉక్కు మీద ఉక్కు రాసుకుని గుర్రుమనడం మొదలవుతుంది. మోయగల దానిలో కొంచెమే మోస్తున్న యంత్రం లోహం అలసి చావదు, చుట్టూ ఉన్న మెత్తటి వస్తువులు, అంటే గ్రీజు, రబ్బరు, ప్లాస్టిక్ ముందుగా ముసలివవుతాయి.

ఫ్రిజ్ కంప్రెసర్ అన్నేళ్లు ఎందుకు వస్తుందో కూడా ఇలాగే అర్థమవుతుంది. మోటారు, పంపు, ఆయిల్ అన్నీ కలిపి ఉక్కు డబ్బాలో పెట్టి వెల్డింగ్ చేసేస్తారు. లోపలికి గాలి వెళ్లదు, తేమ వెళ్లదు, దుమ్ము అసలే వెళ్లదు. ఆక్సిజన్ లేదు కాబట్టి ఆయిల్ చెడిపోవడం చాలా నెమ్మది. ఎవరూ తెరవలేకపోవడమే దానికి రక్ష.

ఎలక్ట్రానిక్ బోర్డులకు ఆ రక్ష లేదు, వాటికి వేడి శత్రువు. బోర్డు మీద నిలబడి ఉండే చిన్న డబ్బాల్లాంటి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో తడి ఉంటుంది, అది మెల్లగా ఆరిపోతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసి ఉన్నది, ప్రతి 10 డిగ్రీలు చల్లబడినప్పుడల్లా సుమారు రెట్టింపు కాలం వస్తుంది. 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు, అంటే ఆపకుండా మూడున్నరేళ్లకు పైగా. అదే బోర్డు 75 డిగ్రీల దగ్గర ఉంటే సగమే. టీవీ వెనక గాలి ఆడే సందు వదలమనేది ఇందుకే.

వాహనాల దగ్గరికొస్తే, కిలోమీటర్ల కంటే ఎన్నిసార్లు చల్లటి ఇంజన్ స్టార్ట్ చేశామన్నదే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. రాత్రంతా ఆగిన ఇంజన్‌లో ఆయిల్ కిందికి జారిపోయి ఉంటుంది, తిరగడం మొదలయ్యాక గానీ మళ్లీ పొర ఏర్పడదు, ఆ కాసేపట్లోనే అరుగుదల ఎక్కువ. రోజూ రెండు కిలోమీటర్లు మాత్రమే నడిచే కారులో ఇంజన్ సరిగ్గా వేడెక్కదు, ఆయిల్లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరి కావు. పాపం, తక్కువ తిరిగిన బండి అని మురిసిపోతాం గానీ లోపల ఆయిల్ జిగురవుతుంటుంది.

ఇర్వ్ గోర్డన్ అనే అమెరికన్ సైన్సు టీచరు 1966లో వోల్వో పి1800 కొన్నారు. బడికి రానూపోనూ రోజూ 200 కిలోమీటర్లు. ఆ కారు 2013లో 30 లక్షల మైళ్లు, అంటే 48 లక్షల కిలోమీటర్లు దాటింది. దూర ప్రయాణాలు కాబట్టి ఇంజన్ ఎప్పుడూ వేడిగా, నిలకడగా తిరిగింది, ఆయన దాదాపు 5 వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చేవారు. సుమారు 11 లక్షల కిలోమీటర్ల దగ్గర ఇంజన్ విప్పి బాగుచేయించారు కూడా. ఏదీ మార్చకుండా అంత దూరం నడవలేదు, మార్చాల్సినవి మారుస్తూ నడిపించారు.

"ఇప్పటి వస్తువులు మన్నవు, పాతవే గట్టివి" అనే మాట సగమే నిజమని నా అభిప్రాయం. పాతవాటిలో త్వరగా పాడైనవి ఎప్పుడో తుక్కులోకి పోయాయి, మిగిలిన గట్టివాటినే చూసి మాట్లాడుతున్నాం. మిగతా సగం మాత్రం కొట్టిపారేయలేం. 1924లో బల్బుల కంపెనీలు జెనీవాలో కూటమి కట్టి బల్బు ఆయుష్షును 1,000 గంటలకు కుదించాయి, ఎక్కువ మన్నే బల్బులు చేసిన సభ్య కంపెనీకి జరిమానా వేశాయి. మరో పక్క కాలిఫోర్నియాలో లివర్‌మోర్ అగ్నిమాపక కేంద్రంలో 1901 నాటి బల్బు ఇంకా వెలుగుతోంది. అది ఇప్పుడు ఇచ్చేది సుమారు 4 వాట్ల బెడ్‌లైట్ వెలుతురే, పైగా దాన్ని దాదాపు ఎప్పుడూ ఆర్పరు. ఫిలమెంట్ వేడి తగ్గితే ఆయుష్షు విపరీతంగా పెరుగుతుంది, మామూలు ఫిలమెంట్ బల్బుకు వోల్టేజీ 5 శాతం తగ్గించినా రెట్టింపు కాలం వెలుగుతుంది, కానీ వెలుతురు తగ్గుతుంది. వంద గదులకు అలాంటి మసక బల్బులు పెడితే కరెంటు ఖర్చవుతుంది గానీ చదువుకోవడానికి వెలుతురు చాలదు. కాబట్టి తక్కువ ఆయుష్షులో కొంత న్యాయం ఉంది, జరిమానాలో మాత్రం లేదు.

నాకు కోపం వచ్చేది చిన్న భాగం దొరక్క పెద్ద యంత్రాన్ని పారేయాల్సి వచ్చినప్పుడు. యూరోపియన్ యూనియన్‌లో 2021 మార్చి నుంచి ఫ్రిజ్‌లకు ఒక నియమం ఉంది, ఆ మోడల్ రావడం ఆగిపోయాక కూడా థర్మోస్టాట్, సెన్సర్, బోర్డు లాంటివి కనీసం 7 ఏళ్లు, తలుపు రబ్బరు కనీసం 10 ఏళ్లు దొరకాలి. రబ్బరుకు ఎక్కువ ఏళ్లు ఇవ్వడం సరైన పని, ఎందుకంటే అది గట్టిపడి బయటి వేడి లోపలికి దూరితే, ఏ లోపమూ లేని కంప్రెసర్ ఆగకుండా తిరగాల్సి వస్తుంది.

మీ ఫ్రిజ్ పాతదైతే ఓ కాగితం ముక్క తలుపు సందులో పెట్టి మూసి, మెల్లగా లాగి చూడండి. బిగువుగా వస్తే రబ్బరు బాగుంది. జారుకుంటూ వచ్చేస్తే ముందు ఆ చోట రబ్బరును గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, ఆరాక మళ్లీ చూడండి. అప్పటికీ పట్టకపోతే రబ్బరు ఒక్కటే మార్పించండి.