పక్క సీట్లో పుస్తకం చదివే మనిషి

చిరంజీవులు బుజ్జి, చిన్నూలకు తాతయ్య ఆశీస్సులు.

కార్ల ర్యాలీ పందెం వీడియో చూసి బుజ్జి అడిగిన ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. "కారు అంత జోరుగా పోతుంటే పక్కనున్నాయన రోడ్డు చూడకుండా పుస్తకం చదువుకుంటాడేంటి తాతయ్యా? డ్రైవరుకి కళ్ళున్నాయిగా, మలుపు కనిపించదా?" అని అడిగింది కదా. కనిపిస్తుందమ్మా. కాకపోతే ఆలస్యంగా కనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది.

లెక్క కట్టి చూడండి. గంటకి 120 కిలోమీటర్లంటే సెకనుకి 33 మీటర్లు. అడవిలో కంకర రోడ్డు, ముందు చిన్న మిట్ట. మిట్ట అవతల రోడ్డు ఎటు తిరిగిందో పైకెక్కేదాకా తెలీదు. తెలిశాక బ్రేకు తొక్కితే కంకర మీద చక్రాలు జారతాయే గానీ కారు ఆగదు. కళ్ళనే నమ్ముకున్నవాడు ప్రతి మిట్ట దగ్గరా భయపడి వేగం తగ్గించాల్సిందే. పోనీ దారి బట్టీపడదామా అంటే, ఇది ఒకే ట్రాక్ మీద గుండ్రంగా తిరిగే పందెం కాదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ ర్యాలీలో గడియారం పెట్టి పరుగెత్తే దూరమే సుమారు 300 కిలోమీటర్లు. వేల మలుపులు. అన్నీ ఎవరి తలలోనూ పట్టవు. అందుకే ముందే వెళ్ళి, రోడ్డు చూసి రాసుకుంటారు. ఆ రాతకే పేస్ నోట్స్ అని పేరు. చదివే మనిషి కో-డ్రైవర్. మన దేశంలో నావిగేటర్ అనడమే ఎక్కువ.

మా చిన్నతనంలో ఊళ్ళో పౌరాణిక నాటకాలు ఆడేవాళ్ళు. తెర పక్కన, జనానికి కనపడకుండా, ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చునేవాడు. ఆయన్ని ప్రాంప్టర్ అనేవాళ్ళం. కిరీటం పెట్టుకున్నాయనకి తర్వాతి మాట అందించడం ఆయన పని. అది వినడానికి సులువే. మరీ ముందుగా అందిస్తే, ఇంకా ఈ మాట మీదే ఉన్న నటుడు దాన్ని మర్చిపోతాడు, లేదా రెండూ కలిపి గజిబిజి చేస్తాడు. ఆలస్యమైతే స్టేజీ మీద నోరు తెరుచుకుని నిలబడిపోతాడు. ఊపిరి పీల్చుకునే సందు చూసి, చెవిలో వేసినట్టు అందించాలి. పద్యం మీద రాగం సాగుతుంటే ఆగాలి. జనం వన్స్ మోర్ అంటే పేజీ తిప్పకుండా వేలు అక్కడే పెట్టుకుని ఉండాలి. ఆరితేరిన ప్రాంప్టరు తలెత్తేవాడే కాదు. గజ్జెల చప్పుడు, హార్మోనియం తీరు బట్టి నటుడు ఎక్కడున్నాడో పసిగట్టేవాడు. తెల్లారేదాకా ఆడే నాటకానికి ఆ మనిషే ఆయువుపట్టు. మెడలో దండ మాత్రం వేషం వేసినాయనకే పడేది.

నావిగేటర్ పనీ ఇదే. తేడా ఒక్కటే, ఈ నాటకం ఎవరో కవిగారు రాసిచ్చింది కాదు. పోటీకి ముందు ఆ ఇద్దరూ కలిసి రాసుకున్నది.

ఆ రాసుకునే పనిని రెకీ అంటారు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ప్రతి స్టేజీనీ, అంటే గడియారం పెట్టి నడిపే ప్రతి రోడ్డు ముక్కనీ, మామూలు కారులో రెండే రెండుసార్లు చూడనిస్తారు. వేగానికి హద్దు ఉంటుంది. కారులో పెట్టిన జీపీఎస్ దాన్ని పట్టిస్తుంది, దాటితే జరిమానా. మొదటిసారి డ్రైవర్ మలుపు మలుపుకీ పైకి చెబుతాడు, నావిగేటర్ రాస్తాడు. రెండోసారి నావిగేటర్ తను రాసింది చదువుతాడు, డ్రైవర్ అది విని నడుపుతూ సరిచేస్తాడు. నావిగేటర్ సంచిలో ఉండేవి ఇవి: పైభాగాన స్పైరల్ వేసిన పుస్తకం, నాలుగైదు పెన్సిళ్ళు, మంచి రబ్బరు. పెన్ను పనికిరాదు, చెరపడం కుదరదు, తడిస్తే సిరా అలుక్కుపోతుంది. అక్షరాలు పెద్దవిగా, వరసకీ వరసకీ ఎడం ఉండేలా రాయాలి. ఇప్పుడు కదలని కారులో బాగానే కనబడే చిన్న అక్షరం, పోటీలో కారు ఎగిరెగిరి పడుతుంటే ఈగల గుంపులా అయిపోతుంది.

ఇక భాష. ఒక వరస నావిగేటర్ నోట ఇలా వస్తుంది: "హండ్రెడ్, రైట్ ఫోర్ టైటెన్స్ త్రీ డోంట్ కట్, ఇంటు లెఫ్ట్ ఫైవ్ ఓవర్ క్రెస్ట్, సిక్స్‌టీ." ఇంత మాటకీ కాగితం మీద ఉండేవి పది పన్నెండు గుర్తులే. మన మాటల్లో చెప్పుకుంటే: వంద మీటర్లు తిన్నగా పో. తర్వాత కుడి మలుపు, నాలుగో రకం. కానీ అది పోనుపోను బిగుసుకుని మూడో రకం అవుతుంది. లోపలి అంచు తొక్కకు, అక్కడ రాయో మొద్దో గొయ్యో ఉంది. ఆ మలుపులోంచి నేరుగా ఎడమ మలుపులో పడతావు, అది ఐదో రకం, మిట్ట మీదుగా తిరుగుతుంది. ఆ తర్వాత అరవై మీటర్లు తిన్నగా.

రకమంటే మలుపు ఎంత వంపుగా ఉందో చెప్పే అంకె. చాలామంది వాడే లెక్కలో 6 అంటే దాదాపు తిన్నని రోడ్డు, 1 అంటే బాగా వంకర, దానికంటే వంకరది హెయిర్‌పిన్. కొందరికి ఇది తలకిందులు, 1 అన్నిటికంటే వేగమైన మలుపు. కొందరు స్టీరింగ్ చక్రం మీద టేపు ముక్క అంటించి, మలుపులో అది ఎంత దూరం తిరిగిందో చూసి అంకె వేస్తారు. ఏ లెక్కైనా ఫరవాలేదు, ఈరోజు వేసిన నాలుగు రేపటి నాలుగుతో సరిగ్గా సరిపోవాలి. ప్రమాదం ఉన్నచోట ఆశ్చర్యార్థకం వేస్తారు, మరీ ప్రమాదమైతే రెండు, ప్రాణాల మీదికొచ్చేదైతే మూడు. చదివేటప్పుడు గొంతు కూడా అక్కడ మారాలి.

ఈ అంకెల కంటే వాటి పక్కనుండే చిన్న మాటలే గట్టివి. మలుపు బిగుసుకుంటుందా, విచ్చుకుంటుందా? పొడుగ్గా సాగుతుందా? మలుపు మిట్ట మీదుగా ఉందా, మిట్ట దాటాక ఉందా? ఈ చివరి రెండూ వేరు వేరు. మిట్ట మీదుగా అంటే కారు తేలికైపోయి చక్రాలకు పట్టు తగ్గే సమయంలోనే తిరగాలి. దాటాక అంటే నేల మీద నిలదొక్కుకుని తిరగొచ్చు. ఫిన్లండ్‌లో ఔనిన్‌పోహ్యా అని పేరుమోసిన స్టేజీ ఉంది, అక్కడ కార్లు మిట్టల మీంచి పదుల మీటర్లు గాల్లో పోతాయి. గాల్లో ఉన్న కారుని స్టీరింగుతో తిప్పలేరు కదా. ఎగిరే ముందే కారు రోడ్డులో ఏ పక్కన ఉండాలో నోట్స్‌లో లేకపోతే దిగేది చెట్లలోకే.

రెకీలో తరచూ పడే తప్పు ఒకటి చెబుతాను. అరవైలో పోతున్నప్పుడు మలుపు సాధువుగా కనిపిస్తుంది. డ్రైవరు ధీమాగా "ఐదు" అంటాడు. పోటీ రోజు నూట నలభైలో వస్తే అది నాలుగు, ఒక్కోసారి మూడు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు రోడ్డు ఇప్పుడు ఎలా ఉందని కాదు, పోటీలో ఎలా ఎదురొస్తుందని ఊహించి అంకె వేస్తారు. ఇంకో మోసం కరెంటు స్తంభాలది. రోడ్డు ఎడమకి తిరిగినా స్తంభాల వరస తిన్నగా పొలాల్లోకి పోతుంది. మిట్ట కింద నుంచి చూసేవాడికి రోడ్డూ అటే పోతున్నట్టు అనిపిస్తుంది. అలాంటి చోట కళ్ళు అబద్ధం చెబుతాయి, నోట్సు నిజం చెబుతుంది. నమ్మాల్సింది నోట్సునే.

మూడోది అతి వివరం. ప్రతి చెట్టూ ప్రతి రాయీ రాసుకుంటే చదవడానికి సమయం చాలదు, వినడానికి బుర్ర చాలదు. ఏది వదిలేయాలో తెలియడమే ఈ విద్యలో సగం. మీరు పరీక్షలకు రాసుకునే నోట్సుకీ ఇది వర్తిస్తుంది, గుర్తుంచుకోండి.

రాత్రి ఇద్దరూ కూర్చుని రెకీలో తీసిన వీడియో పెట్టుకుని, నోట్స్‌తో మలుపు మలుపూ సరిపోల్చుకుంటారు. నన్నడిగితే ర్యాలీ గెలిచేది ఇక్కడ, రబ్బరు పొట్టు రాలే ఈ బల్ల దగ్గర. పోటీ రోజున చూపే ధైర్యమంతా ఈ ఓపికలోంచి వచ్చేదే.

ఇప్పుడు పోటీ. నావిగేటర్ సీటు కావాలనే కిందికి, వెనక్కి బిగిస్తారు, కారు బరువు నేలకి దగ్గరగా ఉండాలని. అక్కణ్ణుంచి రోడ్డు సరిగా కనబడదు కూడా. బుజ్జీ, నీ ప్రశ్నకి సగం జవాబు ఇదే. మరి ఎక్కడున్నారో ఎలా తెలుస్తుంది? గజ్జెల చప్పుడు విన్న ప్రాంప్టరులాగే, ఒంటితో. కుడి మలుపులో ఒళ్ళు ఎడమకి తోసుకుపోతుంది. మిట్ట మీద కడుపులో తేలినట్టవుతుంది. బ్రేకు పడితే బెల్టు భుజాలకి బిగుస్తుంది. ఆ తోపుడు తగలగానే, ఈ వరస అయింది అనుకుని తర్వాతిది అందిస్తాడు. మాట ఎప్పుడూ కారు కంటే ఒకటి రెండు మలుపులు ముందుంటుంది. మెలికలు దగ్గర దగ్గరగా ఉంటే గుక్క తిప్పుకోకుండా చదవాలి. పొడుగాటి తిన్న రోడ్డు వస్తే నోరు కట్టుకుని ఆగాలి. ఎంత ముందు వినాలన్నది డ్రైవరు డ్రైవరుకీ వేరు. అందుకే ఒకరి నోట్స్‌తో ఇంకొకరు నడపలేరు, పాత జంటలు ఊరికే విడిపోవు. ఫ్రాన్స్ డ్రైవర్ సెబాస్టియన్ లోబ్, మొనాకో నావిగేటర్ డానియెల్ ఎలెనా కలిసి 2004 నుంచి 2012 దాకా వరసగా 9 సార్లు ప్రపంచ విజేతలయ్యారు.

పేజీ తిప్పడం కూడా ఒక పనే. చేతికి తొడుగు, కారు కుదుపు, రెండు పేజీలు కలిసి తిరిగాయంటే ఎనిమిది మలుపులు గల్లంతు. అందుకే పేజీ చివరి మలుపును తర్వాతి పేజీ మొదట్లో మళ్ళీ రాసుకునేవాళ్ళున్నారు, మూలలు మడిచి పెట్టుకునేవాళ్ళున్నారు. వరస తప్పిపోతే దాచకూడదు. వెంటనే "లాస్ట్", అంటే వరస తప్పాను, అని చెప్పేయాలి. డ్రైవరు వేగం తగ్గించి కళ్ళతో నడుపుతాడు. ఈలోపు నావిగేటర్ తలెత్తి వంతెనో కూడలో చూసి, పుస్తకంలో ఆ గుర్తు వెతికి మళ్ళీ అందుకుంటాడు. రెకీలో వంతెనలూ కూడళ్ళూ రాసుకునేది ఇందుకే. తెలియకపోయినా ఊహించి చదివాడంటే ఇద్దరి ప్రాణాలకీ ముప్పే.

నోట్సుకీ వయసు మీరుతుంది. ముందు వెళ్ళిన కార్లు మలుపు లోపలి అంచు తొక్కి రాళ్ళు రోడ్డు మీదికి లాగేస్తాయి. వాన పడుతుంది. జనవరిలో జరిగే మోంటే కార్లో ర్యాలీలో సాయంత్రం తడిగా ఉన్న రోడ్డు తెల్లారేసరికి గడ్డకడుతుంది. అందుకని అక్కడ పోటీ కారు కంటే కాస్త ముందు ఇంకో జట్టు మామూలు కారులో స్టేజీ మీదుగా వెళ్ళి, ఎక్కడ మంచు ఉందో, ఎక్కడ కంకర చిందిందో ఆ నోట్స్ నకలులోనే గుర్తులు పెట్టి తెచ్చిస్తుంది. నావిగేటర్ వాటిని గబగబా తన పుస్తకంలోకి ఎక్కించుకుంటాడు.

ఇదంతా ఒక్కరోజులో పుట్టిన పద్ధతి కాదు. 1955లో ఇటలీలో మిల్లే మిలియా అనే పందెం జరిగింది, బ్రెషా నుంచి రోమ్ వెళ్ళి మళ్ళీ బ్రెషాకి, సుమారు 1600 కిలోమీటర్లు. స్టిర్లింగ్ మాస్ నడిపాడు. పక్కన డెనిస్ జెంకిన్‌సన్ అనే గడ్డం విలేకరి. ముందే ఆ దారంతా తిరిగి రాసుకున్నది 18 అడుగుల కాగితం చుట్టగా చేసి, అల్యూమినియం పెట్టెలో బిగించి, చిన్న కిటికీలోంచి ఒక్కొక్క వరసా కనబడేలా తిప్పుకున్నారు. కారుకి కప్పు లేదు, ఇంజను హోరులో మాట వినబడదు. అందుకని చేతి సైగలు కట్టుకున్నారు. దారిలో వాంతి వచ్చి పక్కకి వంగితే గాలికి జెంకిన్‌సన్ కళ్ళజోడు ఎగిరిపోయింది. జేబులో ఇంకో జత ఉంది కాబట్టి సరిపోయింది. అవతల ఏముందో కనబడని మిట్టల మీద కూడా మాస్ ఆ సైగను నమ్మి గంటకి 270 కిలోమీటర్ల వేగంతో పోయాడు. 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో గెలిచారు. చూపు మీద కాక మాట మీద అంత నమ్మకం ఉంచిన ఆ ఇద్దర్నీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

చిన్నూ, ఇది మగవాళ్ళ ఆటేగా అన్నావట. 1981లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీ గెలిచింది ఇద్దరు ఆడవాళ్ళు, డ్రైవర్ మిషెల్ మూతోఁ, నావిగేటర్ ఫాబ్రిజియా పోన్స్. 1997లో అదే పోన్స్ ఇంకో డ్రైవరు పక్కన కూర్చుని మోంటే కార్లో కూడా గెలిపించింది. మన దగ్గరికొస్తే, హైదరాబాద్ డ్రైవర్ నవీన్ పులిగిల్లకి కేరళ నావిగేటర్ మూసా షరీఫ్ నోట్స్ చదివారు. చిక్కమగళూరు కాఫీ తోటల్లో జాతీయ ర్యాలీ జరుగుతుంది. వీలు కుదిరితే మిమ్మల్ని తీసుకెళ్ళమని మీ నాన్నతో చెబుతాను.

అంతవరకూ ఒక పని చేయండి. ఈ ఆదివారం నడుచుకుంటూ ఇంటి నుంచి బడిదాకా వెళ్ళండి. బుజ్జి అంకెలు చెప్పాలి, చిన్నూ పెన్సిల్‌తో రాయాలి. దూరం అడుగులతో కొలవండి. ఏ మలుపు బిగుసుకుంటుందో, ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ ఆశ్చర్యార్థకం పెట్టాలో మీరే తేల్చుకోండి. తిరిగొచ్చాక రెండోసారి వెళ్ళి, చదువుతూ సరిచేయండి. సోమవారం స్కూలు బస్సులో చిన్నూ కిటికీలోంచి చూడకుండా, పుస్తకం మీదే కళ్ళు పెట్టి, ఒంటికి తగిలే తోపుడుని బట్టి మెల్లగా చదవాలి. బుజ్జి కిటికీలోంచి చూస్తూ ఎక్కడ ముందైందో, ఎక్కడ వెనకబడిందో పుస్తకం అంచున గుర్తు పెట్టాలి. దిద్దిన పేజీని అలాగే, తిరగరాయకుండా, నాకు పోస్టులో పంపండి.

మీ తాతయ్య